క్యాంపు డబ్బాలు, ఎనిమిదో తరగతి పైకప్పు

పుణ్యం చేసే ఉద్యోగం

మా అక్క మనవరాలు ఈ మధ్య ఫోన్ చేసి, గల్ఫ్‌లో ఒక పెద్ద కంపెనీ వాళ్ళ దాతృత్వ సంస్థలో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. ఆఫ్రికా పల్లెల్లో బడులు కట్టిస్తారట, పిల్లలకు పుస్తకాలిస్తారట. "జీతం ఇచ్చి మరీ పుణ్యం చేయిస్తారు తాతయ్యా" అని మురిసిపోయింది. పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేక ఆ పూట ఊరుకున్నాను. కానీ నాకు తెలిసింది చెప్పకుండా పంపిస్తే, ప్రతిదానికీ గంగిరెద్దులా తలాడించడం ఒక్కటే నేర్చుకుంటుంది. అందుకని ఇది రాస్తున్నాను. ఆ పనిలోకి వెళ్ళే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు.

నేను సివిల్ ఇంజనీరుని. మాది పాలకొల్లు దగ్గర పల్లె. నా ఉద్యోగ జీవితమంతా సౌదీలో, అల్ ఖోబర్‌లో, ఒకే కాంట్రాక్టింగ్ కంపెనీలో గడిచింది. మొదట లేబర్ క్యాంపులు కట్టాను, తర్వాత వాటి మరమ్మతులు చూశాను, చివరి ఏళ్ళలో ఆ కంపెనీ దాతృత్వ విభాగంలో పడ్డాను. తూర్పు ఆఫ్రికాలో ఒక దేశంలో పల్లెటూరి బడులకు మా విభాగం సాయం చేసేది. కంపెనీ పేరు చెప్పను, ఆ దేశం పేరూ చెప్పను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో కూడా రాయను. అలాంటివి చదివి బాగుపడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మా విభాగం తలుపు మీద ఒక మొక్కను పట్టుకున్న రెండు చేతుల బొమ్మ ఉండేది. ఆ తలుపు వెనక జరిగేది వేరు. మిగతా విభాగాలు దేన్ని వదిలించుకోవాలనుకుంటే అది మా దగ్గరికి వచ్చి పడేది. ఒక ఏడు ఆఫీసులో కంప్యూటర్లు మార్చి, పాతవన్నీ కరెంటు లేని బడికి పంపించారు. ఇంకో ఏడు మదీనాలో హోటల్ కాంట్రాక్టు చేజారిపోయి, దాని కోసం కొన్న దుప్పట్లు, తలగడ గలీబులు మిగిలిపోయాయి. అవీ ఆ పిల్లలకే. పిల్లలు గలీబులకు తాడు కట్టి పుస్తకాల సంచులు చేసుకున్నారని విని, మా మేనేజరుగారు దాన్ని వృత్తి శిక్షణ అని నివేదికలో రాయించారు. ఆ వాక్యం టైపు చేసినవాణ్ణి నేనే కనుక ఇది కల్పన అనుకోవద్దు.

కనుక అమ్మాయీ, నీ సంస్థ ఏదైనా ఊరికి ఏదైనా ఇస్తోందంటే, ఆ ఊరు అది అడిగిందా అని మొదట చూడు. అడగకపోతే, ఆ వస్తువు ఇక్కడ ఎవరికి అడ్డంగా ఉందో కనుక్కో.

ఆనందరావుగారు, ఆకుపచ్చ రంగు

మా మేనేజరుగారి పేరు ఆనందరావు. గుంటూరు మనిషి. క్యాంపులు, బస్సులు, వంటశాలలు అన్నీ ఆయన కిందే, దానధర్మాలూ ఆయన కిందే. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మేం కాస్త జాగ్రత్తగా ఉండేవాళ్ళం. నవ్వుతూ మాట్లాడేవాడు, పండక్కి ఇంటికి పిలిచి భోజనం పెట్టేవాడు. విజిబిలిటీ అనే మాట లేకుండా ఆయన నోట వాక్యం పూర్తయ్యేది కాదు. ఇచ్చిన ప్రతి వస్తువు మీదా కంపెనీ గుర్తు ఉండాలి, అది ఫోటోలో పడాలి. టీచర్ల జీతం ఫోటోలో పడదు కనుక మేం ఏ టీచరుకూ ఏనాడూ జీతం ఇవ్వలేదు.

ఆ రోజుల్లోనే నితాకత్ వచ్చింది. కంపెనీలో సౌదీ వాళ్ళు ఎందరున్నారన్నదాన్ని బట్టి కంపెనీకి ఒక రంగు ఇచ్చే చట్టం అది. ఆకుపచ్చ వస్తే పనులన్నీ సాఫీగా సాగుతాయి. పసుపో ఎరుపో అయితే మనబోటి వాళ్ళ ఇకామాలు, అంటే నివాస పర్మిట్లు, రెన్యూ కావు, ఇకామా లేకపోతే మనం ఆ దేశంలో లేనట్టే. రంగు కోసం కంపెనీలు పడిన పాట్లు చూస్తే నవ్వొచ్చేది. సౌదీ వాళ్ళ పేర్లు రాయించుకుని జీతం ఇచ్చి, దయచేసి ఆఫీసుకు రావద్దని బతిమాలుకున్న కంపెనీలు కూడా నాకు తెలుసు.

మా విభాగానికి నౌఫ్ అనే అమ్మాయిని తెచ్చారు. అభా నుంచి వచ్చింది, కొండల మీది ఊరు. రియాద్‌లో సమాజ సేవ చదువుకుంది. కొన్ని హోదాల్లో సౌదీ వాళ్ళే ఉండాలన్నారు కనుక కాగితం మీద ఆ అమ్మాయిని మేనేజరు చేశారు, ఆనందరావుగారు సలహాదారు అయ్యారు. గది మారలేదు, కుర్చీ మారలేదు. నౌఫ్‌కు ప్రింటరు పక్కన గోడకు ఎదురుగా ఒక బల్ల వేశారు.

"షి ఈజ్ ఓన్లీ ఫర్ ద కలర్, ప్రసాదూ" అన్నారు నాతో ఆనందరావుగారు. "ఆ పిల్లకేం పని చెప్పమాక. కన్‌ఫ్యూజ్ అయిద్ది."

ఆ అమ్మాయి చాలాకాలం ఓపిక పట్టి, ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "మొహందిస్" అంది. అరబ్బీలో ఇంజనీరుని అలా పిలుస్తారు. "ఈ ఆఫీసులో నా పని ఏమిటి? నిజం చెప్పు."

"సంతకం" అన్నాను.

"అయితే సంతకం పెట్టే ముందు చదువుతాను. దానికి మీ సలహాదారు అడ్డం చెప్పడుగా?"

అప్పటినుంచి ఆ బల్ల మీద కాగితాలు కదలడం ఆలస్యమైంది. ఆనందరావుగారు విసుక్కునేవారు. మిగతా వాళ్ళు చాటున నవ్వేవారు. రంగు కోసం వచ్చిన పిల్లకు ఎందుకీ సోకులు అని వాళ్ళ బాధ.

రూత్ అడిగింది రేకులు

మేం సాయం చేసే బడుల్లో ఒకటి ఏడో తరగతి వరకే ఉండేది. దాని హెడ్‌మిస్ట్రెస్ రూత్. భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. ఏడో తరగతి అయ్యాక అక్కడి పిల్లలు పట్నం వెళ్ళి చదవాలి. మగపిల్లలు కొందరు వెళ్తారు. ఆడపిల్లల్ని అంత దూరం ఎవరూ పంపరు, రెండేళ్ళు తిరక్కుండా పెళ్ళి చేసేస్తారు. ఊళ్ళోనే ఎనిమిదో తరగతి ఉండాలని రూత్ విద్యాశాఖ చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఒక మాట తెచ్చుకుంది. వానల్లోపు పైకప్పున్న గది చూపిస్తే తరగతి మంజూరు చేసి టీచరును పంపుతామన్నారు.

ఊరు ఊరంతా పనిలోకి దిగింది. ఇటుకలు తామే కోసి కాల్చుకున్నారు. సిమెంటు పునాదికే సరిపోయింది, గోడలు మట్టి అడుసుతో కట్టారు. నేను తనిఖీకి వెళ్ళేసరికి గోడలు పైదాకా లేచి ఉన్నాయి. కిటికీలకు పెద్ద పెద్ద ఖాళీలు వదిలారు. గాలి ధారాళంగా వస్తోంది. ముచ్చటేసింది.

"కప్పు ఒక్కటే ఇంజనీరుగారూ. రేకులు, కింద దూలాలు. ఇంకేం వద్దు" అంది రూత్. మేం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. "వాన పడితే అడుసు కరిగి ఈ గోడలు కూలిపోతాయి. ఈ ఊరు రెండోసారి ఇటుకలు కాల్చదు, నాకు తెలుసు. నేనూ ఇక్కడ ఏడో తరగతి దాకానే చదివాను. మిగతాది పట్నంలో మా మేనమామ ఇంట్లో అంట్లు తోముకుంటూ చదివాను. ఈ పిల్లలకు ఆ మేనమామ కూడా లేడు."

ఖోబర్ రాగానే ఆనందరావుగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు.

"రేకులా? రేకుల మీద మన బోర్డు యాడ పెడతాం ప్రసాదూ? పైన పెడితే కాకులు చదువుతయ్యా?" అన్నారు. "అయినా గోడలు వాళ్ళవి, కప్పు మనదంటే ప్రాజెక్ట్ ఎవరిది? ఓనర్‌షిప్ డైల్యూట్ అయిద్ది. కంప్లీట్ సొల్యూషన్ ఇద్దాం. థింక్ బిగ్."

ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు, చదువుకు మధ్య ఉన్నది నాలుగు రేకులు. ఈ పెద్దమనిషి పెద్దగా ఆలోచిద్దామంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఇకామా మీద బతికేవాడి కోపం కడుపులోనే ఉంటుంది.

ఖాళీ అయిన క్యాంపు

అప్పటికే పన్నులు వచ్చి పడ్డాయి. ప్రతి విదేశీ పనివాడి తల మీదా కంపెనీ నెలనెలా కట్టాలి. కుటుంబం తెచ్చుకున్నవాడు భార్యాపిల్లల తలల మీద వేరే కట్టుకోవాలి. మేం కాపురముండే అజీజియా పేటలో మా బిల్డింగు మెట్ల మీద ఎప్పుడు చూసినా పరుపులు, వాషింగ్ మెషీన్లు దిగుతూనే ఉండేవి. నా భార్య సుగుణ ఆస్పత్రిలో నర్సు, తన ఇకామా తనకుంది కనుక మేం నిలబడ్డాం. "మన ఫ్లోర్లో పిల్లల ఏడుపు విని ఎన్నాళ్ళయిందండీ" అంది ఒకరోజు. నర్సరీ పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించే తల్లుల గుంపు కింద కనపడటం మానేసింది.

క్యాంపులో ఇంకా ఘోరం. వరసకు వరస ఖాళీ అయింది. మావాళ్ళు ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు, అందరికీ ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి. క్యాంపు స్థలం అద్దెది, ఖాళీ చేసి అప్పగించాలి. అందులో ఉన్నవి పోర్టా క్యాబిన్లు, అంటే ఇనుప చట్రానికి రేకు పలకలు బిగించిన డబ్బా గదులు. వాటిని తుక్కుకు తరలించాలంటే ఖర్చు. అప్పుడు ఆనందరావుగారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"ఈ క్యాబిన్స్ రూత్ మేడమ్ స్కూలుకి షిప్ చేద్దాం" అన్నారు మీటింగులో. "డిస్పోజల్ మనకు తప్పిద్ది, వాళ్ళకు రెడీమేడ్ క్లాస్‌రూమ్స్. పుణ్యం, పురుషార్థం రెండూనూ."

"అక్కడ కరెంటు లేదండీ" అన్నాను. "ఇవి ఏసీ కోసం కట్టిన గదులు. కిటికీ జానెడు, అదీ తెరుచుకోదు. కట్టింది నేనే కదా, నాకు తెలుసు. ఏసీ లేకపోతే లోపల మనిషి నిలబడలేడు."

"సోలార్ ఫేజ్ టూలో చూద్దాం."

"వాళ్ళు అడిగింది రేకులండీ."

"వాళ్ళు అడిగింది రేకులు, మనం ఇచ్చేది రూములు. అప్‌గ్రేడ్ ప్రసాదూ, అప్‌గ్రేడ్."

అందరూ తలలూపారు. నౌఫ్ చెయ్యెత్తి ఏదో అడగబోతే, టీ వచ్చిందంటూ మీటింగు ముగించారు. పిల్లలూ, మీకు ముందుముందు ఈ ఫేజ్ టూ అనే మాట చాలా వినపడుతుంది. నా ఉద్యోగంలో నేను ఎన్నో ఫేజ్ వన్‌లు చూశాను. ఫేజ్ టూని మాత్రం ఎవరూ కళ్ళారా చూసినట్టు చెప్పలేదు.

డబ్బాలను లారీలకు ఎత్తిస్తుండగా రాజన్న వచ్చాడు. రాయికల్ దగ్గర ఊరు, మా క్యాంపులో కార్పెంటరు. అతనికీ ఫైనల్ ఎగ్జిట్ వచ్చేసింది. బనీను మీదే వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు.

"మా రూము ఆఫ్రికా పోతున్నదట గద సారు" అన్నాడు. "మంచిగనే ఉన్నది. మేమేమో ఊరికి, గదేమో విమానం లేకుంటనే ఇంకో దేశం. దానికి ఇకామా అడుగరా?"

"నవ్వులాటగా ఉందా రాజన్నా?"

"నవ్వక ఏం జెయ్యాలె సారు? ఆ పిల్లగాండ్లనే తల్సుకుంటున్న. ఏసీ ఖరాబైన దినం మేము తలుపు ఇప్పి గోడకు పెట్టి బయటనే పండేటోళ్ళం."



రిబ్బను కత్తిరించిన రోజు

ఓడ దిగిన డబ్బాలు లారీల మీద ఊరిదాకా వెళ్ళలేకపోయాయి. వాగు మీద వంతెన ఇరుకు. రోడ్డు పక్కన దించేసి లారీలు వెళ్ళిపోయాయి. ఊరి జనం వాటి కింద దుంగలు వేసి, మోకులు కట్టి, పొలాల మీదుగా లాక్కుపోయారు. కోతల రోజులు. తమ పని మానుకుని మా పుణ్యాన్ని మోశారు.

ప్రారంభోత్సవానికి ఆనందరావుగారూ నేనూ వెళ్ళాం. ఇటుకల గోడలు అలాగే కప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. వాటికి ఎదురుగా మా డబ్బాలు ఆరు, కొత్తగా తెల్ల రంగు పూసి, తలుపు పక్కన ఇత్తడి ఫలకాలతో మెరుస్తున్నాయి. ఆనందరావుగారి ఆనందం చెప్పనలవి కాదు. ఊరిపెద్ద చేత రిబ్బను కత్తిరింపించి, ఏడో తరగతి పిల్లల్ని ఒక డబ్బాలో కూర్చోబెట్టించారు. ఫోటోగ్రాఫరు గుమ్మంలో నిలబడ్డాడు.

నేను లోపలికి వెళ్ళాను. రంగు బయటే వేశారు, లోపల వేయలేదు. గోడ మీద బాల్‌పెన్నుతో తెలుగులో రాసి ఉంది. రాజన్న, పోసన్న, గంగాధర్, రాయికల్. పక్కన ఒక వినాయకుడి బొమ్మ. ఆ గోడకు ఆనుకుని ఆడపిల్లలు చెమటలు కక్కుతూ, చెప్పినట్టు నవ్వుతూ కూర్చున్నారు. ఒకళ్ళను తరిమేసిన గదిలో ఇంకొకళ్ళను కుక్కి ఫోటో తీస్తున్నాం.

"చాలు, బయటికి రండి" అంది రూత్ పిల్లలతో.

"వన్ మోర్, మేడమ్, ప్లీజ్" అన్నారు ఆనందరావుగారు.

"ఇంకొకటి తీస్తే ఈ పిల్ల పడిపోతుంది. దాన్ని కూడా తీస్తారా?" అంది రూత్, ఒక అమ్మాయిని భుజం పట్టి లేపుతూ.

విద్యాశాఖ ఇన్‌స్పెక్టరు కూడా ఆరోజే వచ్చాడు. డబ్బాలోకి తొంగి చూసి, మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "దీన్ని సామాన్ల గది అని రాసుకుంటాను. తరగతి గది అని రాయలేను" అన్నాడు. కప్పులేని గోడల వైపు చూసి, వానలకు ముందు ఇంకొక్కసారి వస్తానని, అదే ఆఖరని చెప్పి వెళ్ళాడు. అప్పటికి ఆనందరావుగారు ఊరిపెద్దతో ఫోటో దిగుతున్నారు.

రూత్ నన్ను పక్కకు పిలిచింది. "ఈ పెట్టెల కప్పు విప్పడం కుదురుతుందా?"

"కుదురుతుంది. బోల్టులతో బిగించినవే. రెండు పెట్టెల కప్పు కలిపితే మీ గది వెడల్పు సరిపోతుంది. మధ్యలో ఒక వరస ఇనుప స్తంభాలు నిలబెట్టాలి, అవీ ఈ పెట్టెల్లోనే ఉన్నాయి."

"మరి విప్పితే?"

"మావాళ్ళు మీ బడికి ఇచ్చేదంతా ఆపేస్తారు. అందులో మీ పిల్లల మధ్యాహ్నం భోజనం కూడా ఉంది. కంపెనీ ఇచ్చిన వస్తువును మార్చాలంటే అనుమతి ఉండాలి."

"ఎవరి అనుమతి?"

"మేనేజరుది" అన్నాను. రూత్ ఆనందరావుగారి వైపు చూసి నిట్టూర్చింది. నాకు మాత్రం ప్రింటరు పక్కన గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి గుర్తొచ్చింది.

నౌఫ్ సంతకం

నేను ఖోబర్ వచ్చిన మర్నాడే నౌఫ్ బల్ల ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఫోన్లో గోడల ఫోటోలు చూపించాను. ఆమె వాటిని పెద్దవి చేసి చూసింది.

"ఇటుకల మధ్యలో మట్టేనా? సిమెంటు లేదా?"

"మట్టే."

"అభాలో మా నాన్నమ్మది మట్టిల్లు" అంది. "గోడలో వరసవరసకూ రాతి పలకలు బయటికి పొడుచుకొచ్చేట్టు పెట్టి కట్టేవాళ్ళు, వాన నీళ్ళు గోడను తినేయకుండా. ఒక ఏడు పైకప్పు మరమ్మతు ఆలస్యమైతే ఒక గది మొత్తం జారిపోయింది. ఈ ఖోబర్‌లో కూర్చున్నవాళ్ళకు వాన అంటే రోడ్డు మీద నీళ్ళు నిలవడమే. అక్కడ వానలు ఎప్పుడు?"

"ఎక్కువ రోజులు లేవు."

"విప్పే పద్ధతి నువ్వు గీసి ఇస్తావా?"

"ఇస్తాను. కానీ ఆనందరావుగారిని ఒక మాట అడగాలేమో."

"ఆయన సలహాదారు" అంది నౌఫ్. "నాకు సలహా కావాలనిపించినప్పుడు అడుగుతాను."

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "నిన్నేమైనా అంటే?"

"నన్ను తీసేస్తే మీ కంపెనీ పసుపులోకి జారుతుంది. తీయమను చూద్దాం. నీ సంగతి చూసుకో మొహందిస్. బొమ్మల కింద ఇంజనీరు సంతకం ఉండాలి. అది లేకపోతే నేను పెట్టినా చెల్లదు."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి సుగుణతో చెప్పాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"పెడితే పంపించేస్తారా?" అంది.

"పంపించడానికి ఏదో ఒక వంక దొరుకుతుంది. పన్ను ఉంది కదా."

"పెట్టకపోతే పంపించరా ఏంటండీ? ఎవర్ని ఉంచారని? ఆ పిల్లలకైనా కప్పు పడనీండి, పెట్టేయండి" అంది. తర్వాత లేచి అన్నం వండటానికి వెళ్ళింది.

విప్పే వరస బొమ్మలు గీశాను. ఏ బోల్టు ముందు, ఏ పలక తర్వాత, స్తంభం ఎక్కడ, రేకు ఎంత బయటికి రావాలి అన్నీ. కింద సంతకం పెట్టాను. నౌఫ్ అంతా చదివి, రేకు చూరు ఇంకాస్త బయటికి రావాలని ఒక్క మార్పు చేయించి, తను కూడా అరబ్బీలో పెట్టింది. రూత్‌కు పంపించాం. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది. ఇత్తడి ఫలకాలు ఎక్కడ పెట్టమంటారని.

"ఎక్కడ మేకు దిగితే అక్కడ" అని నాచేత రాయించింది నౌఫ్.

ఊళ్ళో మగవాళ్ళు పానాలు పట్టుకుని డబ్బాలెక్కారు. ఆడవాళ్ళు రేకులు మోశారు. రూత్ ఫోటోలు పంపుతూ ఉండేది, వాటిలో ఎక్కడా ఎవరూ కెమెరా వైపు చూడలేదు. కప్పు పడింది. రాజన్న పేరున్న పలకను తలుపుగా బిగించారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, తరగతి గది అని రాసుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా వాన అందుకుంది. గోడలు నిలిచాయి.

ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇన్నేళ్ళ ఆ దాతృత్వ విభాగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదీ దొంగచాటుగా చేయాల్సి వచ్చింది.

సలహాదారుగారి కోపం

సంగతి ఎన్నాళ్ళో దాగలేదు. ఎవరో అతిథుల్ని తీసుకెళ్ళి డబ్బాలు చూపించాలని ఆనందరావుగారు కబురు పెడితే, డబ్బాలు లేవని జవాబు వచ్చింది. ఆయన ఒంటికాలి మీద లేచారు.

"హూ ఆథరైజ్డ్ దిస్?"

"మేనేజరుగారండీ" అన్నాను.

"మేనేజర్ని నేను కదయ్యా!"

"కాగితం మీద కాదండీ."

ఆయన నౌఫ్ వైపు తిరిగారు. ఆ అమ్మాయి కుర్చీలోంచి లేవకుండానే, "మీ సలహా ఆలస్యమైంది" అంది. ఆమెను ఏమీ అనలేరు, అంటే రంగు మారుతుంది. మరి ఎవరో ఒకర్ని అనాలి. పన్ను భారం తగ్గించుకోవడానికి పంపించాల్సిన వాళ్ళ పేర్లు ఆ నెల కూడా వచ్చాయి. అందులో నా పేరుంది. "నథింగ్ పర్సనల్, ప్రసాదూ, లెవీ" అన్నారు ఆనందరావుగారు, నా భుజం తట్టి.

ఆ తర్వాత జరిగింది వింటే మీరు నమ్మరు. కంపెనీ ఆ ఏటి దాతృత్వ పుస్తకం అచ్చువేసింది. అట్ట మీద ఉన్నది రూత్ బడి. ఎర్ర ఇటుకల గోడలు, పెద్ద కిటికీలు, తెల్లటి రేకుల చూరు కింద నవ్వుతున్న ఆడపిల్లలు. స్థానిక ఇటుకలు, తిరిగి వాడిన ఇనుముతో మా సంస్థ రూపకల్పన చేసిన పర్యావరణ హిత తరగతి గది అని కింద రాసి ఉంది. లోపలి పేజీలో ఆనందరావుగారు దాని గురించి ఒక సభలో జ్ఞాపిక అందుకుంటున్నారు. నాకొక ప్రతి ఇచ్చి, "టీమ్ ఎఫర్ట్" అన్నారు. సిగ్గనేది కొందరికి పుట్టుకతోనే మినహాయించి ఉంటుంది.

పిల్లలూ, ఇలాంటివాళ్ళు మీకూ దొరుకుతారు. వాళ్ళను మార్చే పని పెట్టుకోకండి, జీవితం సరిపోదు. వాళ్ళ ఆఫీసులో ఎవరి సంతకం చెల్లుతుందో, ఎవరిని ఎందుకు తీసేయలేరో చూసుకోండి. అవతల ఊళ్ళో రూత్ లాంటి మనిషి ఏమడుగుతోందో అదే పదంతో రాయండి. రేకులడిగితే రేకులని రాయండి, సమగ్ర పరిష్కారం అని రాయకండి. చదువుకున్నవాళ్ళం కదా అని ఆ ఒక్క పదాన్ని పెద్దది చేయడం మొదలుపెట్టామంటే ఊరు మళ్ళీ డబ్బాలు మోయాల్సిందే.

నేను ఇంకో రెండు రోజుల్లో విమానం ఎక్కాలనగా ఆఫీసులో సామాను సర్దుకుంటుంటే రూత్ ఫోన్ చేసింది. వెనకాల పిల్లలు ఏదో వల్లె వేస్తున్న చప్పుడు వినపడుతోంది.

"ఎనిమిదో తరగతి నడుస్తోంది ఇంజనీరుగారూ. టీచరు వచ్చాడు. ఒక్క ఆడపిల్ల కూడా మానలేదు" అంది. "తొమ్మిదికి గోడలు లేపుతున్నాం. అలాంటి పెట్టెలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా?"

"చాలా ఉన్నాయి" అన్నాను. "ఇంకో క్యాంపు నిండా అవే."

"మీ పనివాళ్ళకు అక్కర్లేదా?"

"వాళ్ళు లేరు. అందర్నీ ఇళ్ళకు పంపేశారు. నేను కూడా ఎల్లుండి వెళ్ళిపోతున్నాను."

రూత్ అయ్యో అంటుందేమో అనుకున్నాను. అనలేదు. తొమ్మిదో తరగతి గోడలు సగంలో ఉన్న మనిషికి అంత తీరిక ఉండదు.

"అయితే పెట్టెల కోసం ఇక ఎవర్ని అడగాలి?" అంది.

"నౌఫ్‌ని అడగండి. నంబరు పంపిస్తాను."

"ఆమె ఎవరు?"

అటు గాజు గదిలో ఆనందరావుగారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు, తలుపు తెరిచే ఉంది. ఇటు ప్రింటరు పక్కన ఆ అమ్మాయి ఏదో చదువుతోంది. నేను గొంతు పెంచి, ఆ గదిలోకి వినపడేలా చెప్పాను.

"మా మేనేజరు."